పాత సైనిక కవచ వాహనాన్ని ఎంచుకోవడం, బాగు చేయడం, నడపడం

పాత కవచ వాహనం ఒకటి సొంతంగా ఉండాలన్న కోరిక చాలామందిలో పెద్ద ట్యాంకును చూసినప్పుడే పుడుతుంది. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలోనో, ఫ్రాన్స్‌లోని సోమ్యూర్ మ్యూజియంలోనో మైదానంలో తిరుగుతున్న, రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికన్ షెర్మన్ ట్యాంకును దగ్గరగా చూసినవారికి ఆ ఇంజిను మోత, కాళ్ళ కింద నేల అదరడం చాలాకాలం గుర్తుండిపోతాయి. ఆ ముచ్చట తీరాలంటే మాత్రం మొదటి వాహనంగా ట్యాంకును తెచ్చుకోకూడదని నా గట్టి అభిప్రాయం. చిన్నది, అన్ని భాగాలూ ఉన్నది, ఎంత నెమ్మదిగానైనా ఇంకా కదులుతున్నది దొరికితే దానితో మొదలుపెట్టాలి. ఆ తరువాత ఏ పని చేపట్టినా వాహనాన్ని నడిపించడం గురించి కాక ఆపడం గురించి ముందు ఆలోచించాలి. పది టన్నుల ఇనుము కదలడం మొదలైన తరువాత దాన్ని చేతులతో ఆపగలిగేవారు ఎవరూ ఉండరు.

ఎంపికలో బరువే అన్నిటినీ నిర్ణయిస్తుంది. నిఘాకు వాడే నాలుగు చక్రాల చిన్న కవచ వాహనం, బ్రిటిష్ ఫెర్రెట్ స్కౌట్ కారు, సుమారు 4 టన్నులు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు చిన్న బ్రిటిష్ ట్రాక్ వాహనం (చక్రాల చుట్టూ లోహపు లింకుల పట్టీతో, అంటే ట్రాక్‌తో నడిచేది) యూనివర్సల్ క్యారియర్ కూడా ఇంచుమించు అంతే. బ్రిటిష్ స్కార్పియన్ కుటుంబానికి చెందిన తేలిక ట్రాక్ వాహనాలు 8 టన్నులు, సైనికులను మోసే ట్రాక్ వాహనాల్లో అమెరికన్ ఎం113 దాదాపు 11 టన్నులు, బ్రిటిష్ ఎఫ్‌వి432 సుమారు 15 టన్నులు తూగుతాయి. షెర్మన్ 30 టన్నులు దాటుతుంది, బ్రిటిష్ సెంచూరియన్ ట్యాంకు 50 టన్నులకు పైబడుతుంది. ఈ అంకెను బట్టే షెడ్డు నేల ఎంత మందం ఉండాలో, ఎలాంటి జాక్ కావాలో, ఏ ట్రెయిలరు మీద ఎక్కించాలో, దారిలో ఉన్న ఏ వంతెన మీదుగా వెళ్ళకూడదో తేలుతుంది. 4 టన్నుల వాహనాన్ని ఒక మోస్తరు లారీతో తెచ్చుకోవచ్చు, 15 టన్నులదానికి ప్రత్యేకమైన లోలోడరు (బరువైన యంత్రాలను మోసే, ఎత్తు తక్కువ ట్రెయిలరు), దాన్ని నడపడం తెలిసిన డ్రైవరు కావాలి. ఇంధనం లెక్క కూడా ఇలాగే ఉంటుంది. ఫెర్రెట్ ఒక లీటరు పెట్రోలుతో సుమారు 3 కిలోమీటర్లు వెళుతుంది, షెర్మన్‌లో ఎం4ఎ3 అనే రకానికి ఒక కిలోమీటరు వెళ్ళడానికే సుమారు 3 లీటర్లు కావాలి.

మొదటి వాహనం చక్రాలదైతే మేలు. ట్రాక్ వాహనాన్ని నడపాలంటే నేల గట్టిదో కాదో చూసుకోవాలి, రోడ్డు పాడవకుండా ట్రాక్‌కు రబ్బరు ప్యాడ్లు వేయాలి, ఒక్కొక్క పిన్నునూ పరీక్షిస్తూ ఉండాలి. చక్రాల వాహనాల్లో ఈ శ్రమ తక్కువ. 1952 నుంచి 1971 వరకు 4,400కు పైగా తయారైన ఫెర్రెట్ ఈ అభిరుచిలో చాలామందికి తొలి గురువు కావడానికి కారణం అదే. దాని రోల్స్ రాయిస్ బి60 ఇంజినులో వరుసగా ఆరు సిలిండర్లు ఉంటాయి, అది సరళమైన పెట్రోలు ఇంజిను. గేర్‌బాక్సు తీరు మాత్రం కొత్తవారికి వింతగా తోస్తుంది. కావలసిన గేరును ముందే ఎంచుకుని పెట్టుకోవాలి, తరువాత ఎడమ పెడల్ నొక్కితే ఆ గేరు పడుతుంది. ఆ పెడల్ చూడడానికి క్లచ్ లాగే ఉంటుంది కానీ క్లచ్ కాదు. దాన్ని సగం నొక్కి వదిలితే బలంగా వెనక్కి తన్ని మోకాలిని గాయపరుస్తుంది. అయిదు గేర్లూ వెనక్కి వెళ్ళడానికి కూడా పనిచేస్తాయి కాబట్టి ముందుకు ఎంత వేగంగా వెళ్ళగలదో వెనక్కీ అంత వేగంగా వెళ్ళగలదు. ఈ విషయం తెలియకుండా దాన్ని ఎవరికీ అప్పగించకూడదు.

కొనే ముందు పరీక్ష చేసేటప్పుడు అందరి కళ్ళూ ఇంజిను మీదే ఉంటాయి. నిజానికి ఇంజినుకన్నా దాని తరువాత ఉన్న భాగాలను ఎక్కువసేపు చూడాలి. యూనివర్సల్ క్యారియర్‌లో ఉన్నది ఫోర్డ్ వి8, స్కార్పియన్‌లో ఉన్నది జాగ్వార్ 4.2 లీటర్ల ఇంజినుకు సైనిక రూపం, తరువాతి ఎం113లలో ఉన్నది జనరల్ మోటార్స్ వారి 6వి53 డీజిల్. పౌర వాహనాల్లోనూ, ఇతర యంత్రాల్లోనూ తిరిగిన ఇంజిన్లు కాబట్టి వాటిని ఎరిగిన మెకానిక్కులు, వాటి విడిభాగాలు దొరుకుతాయి. గేర్‌బాక్సులు, శక్తిని పక్కకు మళ్ళించే బెవెల్ గేరు పెట్టెలు, చక్రం లేదా ట్రాక్ దగ్గరి చివరి గేర్లయిన ఫైనల్ డ్రైవులు మాత్రం ఆ వాహనం కోసమే తయారయ్యాయి. అవి విరిగితే అదే రకం మరో వాహనం నుంచి తీసుకోవడం తప్ప దారి ఉండదు. అందుచేత ప్రతి గేరు పెట్టె కింది ప్లగ్గునూ కాస్త వదులు చేసి ముందుగా ఏం కారుతుందో చూడాలి. నీళ్ళు కారినా, నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా లోపల తడి చేరిందని అర్థం. ప్లగ్గుకు ఉన్న అయస్కాంతానికి సన్నని బూడిదలాంటి పొడి అంటుకుని ఉండడం మామూలే, పొలుసులు కనిపిస్తే మాత్రం బేరం ఆపాలి.

కవచపు పలక అంత తేలికగా తుప్పుకు లొంగదు. తుప్పు తినేది మడ్‌గార్డులను, సామాన్ల పెట్టెలను, ఇంధన ట్యాంకులను, అంటే పలుచని రేకుతో చేసిన ప్రతిదాన్నీ. లోపలి నేలపలకలను ఎత్తి చూడకుండా కొనకూడదు. మూతలు సరిగా మూసుకోని వాహనంలో వాననీరు ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది, నూనెతో కలిసి బురదవుతుంది, ఆ బురద కింద ఏముందో అమ్మేవారికి కూడా తెలియకపోవచ్చు. అల్యూమినియం కవచం ఉన్న స్కార్పియన్, ఎం113 లాంటి వాహనాలకు తుప్పు బెడద లేదని అనుకోవడం పొరపాటు. ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకే ప్రతిచోటా తెల్లని పొడి కట్టి ఆ లోహం తినేసుకుపోతుంది. కొన్ని రకాల అల్యూమినియం కవచాల్లో వెల్డింగు అతుకుల దగ్గర, పలకల అంచుల్లో ఏళ్ళు గడిచాక చీలికలు వస్తాయి. కాబట్టి ఆ అతుకులను శుభ్రంగా తుడిచి టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడాలి.

చట్టం సంగతి డబ్బు చేతులు మారకముందే తేల్చుకోవాలి. ప్రతి దేశంలోనూ నిబంధనలు వేరుగా ఉంటాయి, అయినా ప్రశ్నలు మాత్రం అన్నిచోట్లా ఒకటే. ఫిరంగి, మెషిన్‌గన్ శాశ్వతంగా పనికిరాకుండా చేసినవేనా, అందుకు ధ్రువపత్రం ఉందా? వాహనాన్ని సైన్యం సక్రమంగా అమ్మినట్టు కాగితం ఉందా? దేశం దాటించాలంటే అది యుద్ధ సామగ్రి కిందకు వస్తుందా? అమెరికాలో పనిచేసే ఫిరంగి ఉన్న ట్యాంకును ఉంచుకోవడం సాధ్యమే కానీ ఆ ఫిరంగిని జాతీయ ఆయుధాల చట్టం కింద ప్రత్యేకంగా నమోదు చేయించుకోవాలి. ఐరోపా సమాఖ్యలో ఆయుధాలను నిర్వీర్యం చేసే పద్ధతికి 2015లో ఉమ్మడి నియమావళి వచ్చింది. బ్రిటన్‌లో ట్రాక్ వాహనాన్ని రోడ్డు మీద నడపాలంటే ‘హెచ్’ విభాగం లైసెన్సు కావాలి. 2015లో జర్మనీలో కీల్ నగరానికి దగ్గర్లోని ఒక ఇంటి నేలమాళిగ నుంచి రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ పాంథర్ ట్యాంకును అధికారులు తరలించారు. దాన్ని బయటికి లాగడానికి సైనికులకు గంటల తరబడి పట్టింది, దాని యజమానిపై వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచింది. కాగితాలు పక్కాగా లేని వాహనం ఎంత చవకగా వచ్చినా వద్దనుకోవడమే మంచిది.

వాహనం షెడ్డు చేరిన రోజున పానా పట్టుకోవాలనిపిస్తుంది. దానికి బదులు చేతికి తొడుగులు వేసుకుని, టార్చిలైటు పట్టుకుని, ప్రతి మూలనూ ఒకసారి వెతకాలి. ఖాళీ చేశామని చెప్పిన వాహనాల్లోనూ సీట్ల కింద, నేలపలకల కింద, పొగ గుళ్ళను విసిరే గొట్టాల్లో తూటాలు, పొగ గుళ్ళు మిగిలి ఉండడం అరుదేమీ కాదు. అలాంటిది కనిపిస్తే కదిలించకుండా బయటికి వచ్చి పోలీసులకు చెప్పాలి. 2017లో ఇంగ్లండ్‌లో ఒక పాత ట్యాంకు లోపల తూటాలు దొరకడంతో దాన్ని బాగుచేసేవారు ప్రతి పనినీ వీడియో తీస్తూ ఇంధన ట్యాంకు తెరిచారు. అందులో అయిదు బంగారు కడ్డీలు బయటపడ్డాయి, వారు వాటిని పోలీసులకు అప్పగించారు. బంగారం ఎవరికో ఒకరికి దొరుకుతుంది, తూటాలు మాత్రం చాలామందికి దొరుకుతాయి. వీడియో తీసిన వారి జాగ్రత్తే అందులో నేర్చుకోవలసిన పాఠం.

కంటికి కనిపించని ప్రమాదాలు ఇంకా ఎక్కువ. పాత బ్రేకు లైనింగుల్లో, గ్యాస్కెట్లలో, పొగగొట్టానికి చుట్టిన గుడ్డలో ఆస్‌బెస్టాస్ అనే ప్రమాదకరమైన రాతినార ఉంటుందని అనుకునే పని మొదలుపెట్టాలి. దాన్ని ఊదడం, పొడిగా గీకడం, ఎయిర్ కంప్రెసరుతో శుభ్రం చేయడం ఎప్పుడూ చేయకూడదు. తడిపి తీసి, సంచిలో మూసి, నిబంధనల ప్రకారం అప్పగించాలి. పాత రంగుల్లో సీసం, ప్రైమర్లలో క్రోమేటు ఉంటాయి కాబట్టి గీకేటప్పుడు మామూలు గుడ్డ మాస్కు సరిపోదు. 1940లు, 1950ల నాటి గడియారాలు, మీటర్ల ముఖాల మీది అంకెలకు రేడియం పూత ఉండవచ్చు. చీకట్లో అది ఇప్పుడు మెరవకపోవడం వల్ల నిర్వీర్యమైందని అనుకుంటారు. నిజానికి పాడైంది మెరుపునిచ్చే పదార్థం మాత్రమే, రేడియం సగం తగ్గడానికి 1,600 సంవత్సరాలు పడుతుంది. ఆ మీటరు అద్దాన్ని తెరవకూడదు. పాత అగ్నిమాపక సీసాల్లో కార్బన్ టెట్రాక్లోరైడు ఉండవచ్చు, అది వేడి తగిలితే ఫాస్జీన్ విషవాయువుగా మారుతుంది. దాన్ని అలంకారానికి కూడా లోపల ఉంచుకోకుండా కొత్త సీసాలు బిగించాలి.

ఇక బరువుతో వచ్చే ప్రమాదాలు. పై మూతలు ఒక్కొక్కటి పదుల కిలోలు ఉంటాయి, వాటి తాళం పడకపోతే చేతివేళ్ళు పోతాయి. మూత తెరిచిన ప్రతిసారీ తాళం పడిన చప్పుడు విని, చేత్తో ఒకసారి కదిపి చూసిన తరువాతే తల బయట పెట్టడం అలవాటు చేసుకోవాలి. జాక్ మీద నిలిచిన వాహనం కిందికి వెళ్ళకూడదు. గట్టి కలప దుంగలను అడ్డంగా, నిలువుగా పేర్చి వాటి మీదికి బరువు దించిన తరువాతే కిందికి దూరాలి. ఫెర్రెట్‌తో సహా చాలా సైనిక వాహనాల చక్రాలు రెండు ముక్కలను బోల్టులతో కలిపి చేసినవి. టైరులో గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే రెండు ముక్కలూ విడిపోయి ఎగిసిపడి మనిషిని చంపగలవు. చక్రాన్ని ఇరుసుకు పట్టే నట్లు ఏవో, చక్రం ముక్కలను కలిపే నట్లు ఏవో ముందుగా మాన్యువల్‌లో చూసుకోవాలి. వాల్వు లోపలి కోరును పూర్తిగా తీసి, గాలి మొత్తం పోయాకే రెండో రకం నట్లను ముట్టుకోవాలి.

ఇప్పుడైనా విప్పడం మొదలుపెట్టవచ్చా అంటే, ఇంకా కాదు. ఈ వాహనం ఒక పత్రం లాంటిది, మొదట దాన్ని చదవాలి. కవచంపై చెక్కిన నంబర్లు, ఇంజినుపై పలక, గేర్‌బాక్సుపై ముద్ర, తలుపు లోపల రంగు కింద మరుగున పడిన సైనిక నమోదు సంఖ్య, ఇవన్నీ రాసుకోవాలి. కొన్ని మ్యూజియంల పత్రాగారాల్లో సైనిక వాహనాల రికార్డు కార్డులు భద్రంగా ఉన్నాయి, నంబరు సరిగ్గా తెలిస్తే ఆ వాహనం ఏ దళంలో పనిచేసిందో కనుక్కోవచ్చు. రంగును ఒకేసారి గీకి పారేయకుండా కనిపించని మూడు నాలుగు చోట్ల సన్నని తడి సాండ్‌పేపరుతో గుండ్రంగా రుద్దితే పొరలు ఉల్లిపాయలా ఒకదాని తరువాత ఒకటి బయటపడతాయి. జర్మన్ వాహనంలో ముదురు పసుపు పొర కింద బూడిద రంగు కనిపిస్తే అది 1943 ఫిబ్రవరిలో వచ్చిన రంగు మార్పు ఆదేశానికి ముందు తయారై ఉండవచ్చు. నా మొదటి వాహనంలో ఒక తలుపును తొందరపడి గాలి పీడనంతో ఇసుక చిమ్మి శుభ్రం చేయించాను. దాని మీద చేత్తో రాసిన దళం గుర్తు ఉండేదని తరువాత ఒక పాత ఫోటోలో చూసి తెలుసుకున్నాను. ఆ తలుపు ఇప్పుడు ఎంత అందంగా ఉన్నా ఆ లోటు తీరదు.

మాన్యువళ్ళ కోసం పెట్టే ఖర్చు ఎప్పుడూ వృథా కాదు. అమెరికన్ వాహనాలకు టెక్నికల్ మాన్యువళ్ళు ఉన్నాయి. ముందు చక్రాలు, వెనక ట్రాక్‌లు ఉండే హాఫ్‌ట్రాక్‌లకు టీఎం 9-710, ఎం4ఎ3 షెర్మన్‌కు టీఎం 9-759 చూడాలి. బ్రిటిష్ వాహనాలకు వాడకందారు చేతిపుస్తకం, భాగాల జాబితా, ఈఎంఈఆర్ అనే మరమ్మతు నియమావళి ఉంటాయి. యుద్ధం తరువాతి వాహనాల భాగాలపై ఉండే 13 అంకెల నాటో స్టాక్ నంబరు చాలా ఉపయోగపడుతుంది. మొదటి నాలుగు అంకెలు అది ఏ వర్గపు వస్తువో చెబుతాయి, తరువాతి రెండు అంకెలు ఏ దేశం నమోదు చేసిందో చెబుతాయి. 99 బ్రిటన్‌కు, 12 జర్మనీకి, 14 ఫ్రాన్స్‌కు గుర్తు. సీలు, బేరింగు, గొట్టం లాంటివి చాలా వరకు పౌర పరిశ్రమలో తయారైనవే. సైనిక నంబరు కింద దొరకని సీలు లోపలి కొలత, బయటి కొలత, మందం చెబితే బేరింగుల దుకాణంలో దొరికిపోతుంది.

విప్పేటప్పుడు ప్రతి భాగాన్నీ విప్పకముందు, సగం విప్పాక, విప్పిన తరువాత ఫోటో తీయాలి. బోల్టులను డబ్బాలో కలగలపకుండా అవి వచ్చిన రంధ్రాల్లోకే వేళ్ళతో తిరిగి బిగించి ఉంచితే రెండేళ్ళ తరువాత కూడా వెతుక్కోనక్కరలేదు. బోల్టుల మరచుట్ల విషయంలో జాగ్రత్త అవసరం. పాత బ్రిటిష్ వాహనాల్లో అంగుళాల కొలతలవైన విట్‌వర్త్, బీఎస్ఎఫ్, యూఎన్ఎఫ్ రకాల చుట్లు కలిసి కూడా ఉంటాయి, జర్మన్, సోవియట్ వాహనాల్లో మెట్రిక్ ఉంటుంది. దగ్గరగా సరిపోతున్నట్టు అనిపించే తప్పు పానాతో నట్టు మూలలు అరిగిపోతే ఆ తరువాత పని పదింతలవుతుంది. బిగిసిపోయిన బోల్టును ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి, చొచ్చుకుపోయే నూనె వేసి ఒక రాత్రి ఉంచి, అవసరమైతే వేడిచేసి విప్పాలి. ఇంధనపు గొట్టాల దగ్గర, కవచం వెనక ఏముందో చూడనిచోట మంట వాడకూడదు.

ఏళ్ళుగా ఆగి ఉన్న ఇంజినును స్టార్టరుతో తిప్పాలన్న ఆత్రుతను అణచుకోవాలి. ముందు స్పార్కు ప్లగ్గులు తీసి ప్రతి సిలిండరులో కొంచెం నూనె పోసి రెండు మూడు రోజులు ఉంచాలి. తరువాత చేతితో తిప్పాలి, ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి మళ్ళీ నూనె వేయాలి. వాల్వులు పైకీ కిందికీ కదులుతున్నాయో లేదో చూడాలి, సైడ్ వాల్వు ఇంజిన్లలో (వాల్వులు సిలిండరు పక్కన ఉండేవాటిలో) వాల్వు ఒకటి పట్టేసి పైకే నిలిచిపోవడం మామూలు. నూనె మార్చి, ప్లగ్గులు లేకుండానే స్టార్టరుతో తిప్పి నూనె పీడనం మీటరులో కనిపించేదాకా ఆగాలి. మొదటిసారి ఇంజిను అందుకున్నప్పుడు పాత ఇంధన ట్యాంకును వాడకుండా బయట ఉంచిన చిన్న డబ్బా నుంచి శుభ్రమైన ఇంధనం ఇవ్వాలి. పాత ట్యాంకుల్లోని జిగురు, తుప్పు కార్బ్యురేటరును గంటలో మూసేస్తాయి. ఆనాటి ఇంజిన్లు తక్కువ ఆక్టేను పెట్రోలు కోసం చేసినవి కాబట్టి ఇప్పటి మామూలు పెట్రోలు సరిపోతుంది, అందులోని ఇథనాల్ మాత్రం పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రమ్‌లను కరిగిస్తుంది. వాటిని ఇథనాల్‌ను తట్టుకునేవాటితో మార్చాలి. షెర్మన్‌లో వాడిన ఆర్975 లాంటి, సిలిండర్లు చుట్టూ వలయంలా ఉండే రేడియల్ ఇంజినైతే ప్రతిసారీ స్టార్టు చేసే ముందు చేతితో తిప్పాలి. కింది సిలిండర్లలోకి దిగిన నూనె పిస్టనుకు అడ్డుపడితే లోపలి కడ్డీ వంగిపోతుంది.

ఇంజిను మోగిన రోజు సంతోషం చెప్పనలవి కాదు. ఆ ఊపులోనే గేరు వేయకూడదు. బ్రేకుల మాస్టర్ సిలిండరు, చక్రాల సిలిండర్లు, గొట్టాలు అన్నీ విప్పి చూసి సీళ్ళు మార్చే వరకు వాహనాన్ని ఒక్క అడుగు కూడా కదపకూడదు. ఏ ద్రవం పోయాలో మాన్యువల్‌లో చూడాలి, కొన్ని సైనిక వాహనాల బ్రేకులు ఖనిజ నూనెతో పనిచేస్తాయి, వాటిలో మామూలు బ్రేకు ద్రవం పోస్తే సీళ్ళన్నీ ఉబ్బి పాడవుతాయి. ట్రాక్ వాహనాల్లో చాలావాటిలో ఆపడమూ, తిప్పడమూ ఒకే బ్రేకుల పని. ఒకవైపు బ్రేకు పనిచేయకపోతే వాహనం ఆగదు, పైగా ఉన్నట్టుండి పక్కకు తిరుగుతుంది. యూనివర్సల్ క్యారియర్‌లో స్టీరింగు చక్రాన్ని కొద్దిగా తిప్పితే ట్రాక్ వంపు తిరిగి వాహనం మెల్లగా మళ్ళుతుంది, ఇంకా తిప్పితే ఒకవైపు బ్రేకు పడుతుంది. ఈ రెండు దశల మధ్య సర్దుబాటు సరిగా లేని క్యారియర్‌ను నడపడం ప్రమాదకరం.

విద్యుత్తు పని ఓపికతో కూడినదే కానీ కష్టమైనది కాదు. సైనిక వైర్లకు చిన్న లోహపు పట్టీలపై నంబర్లు ఉంటాయి, పటంలో అవే నంబర్లు ఉంటాయి. రబ్బరు పొర పెళుసుబారి రాలిపోతున్న తీగలను అతికించి సరిపెట్టకుండా మొత్తం మార్చడం మేలు. బ్యాటరీని వేరుచేసే స్విచ్చు బాగుండాలి, పని ముగించిన ప్రతిసారీ దాన్ని ఆపేయాలి.

ట్రాక్ గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. ఎందుకంటే కొత్తవారు దాన్ని గొలుసులాగా ఒక వస్తువనుకుంటారు, నిజానికి అది పదుల కొద్దీ అరిగే కీళ్ళ సమూహం. పిన్నులు, వాటి రంధ్రాలు అరిగిన కొద్దీ ప్రతి లింకూ కొంచెం పొడవవుతుంది, మొత్తం ట్రాక్ సాగినట్టు కనిపిస్తుంది. బిగువు సర్దే యంత్రాంగం చివరిదాకా వచ్చేస్తే ఒక లింకు తీసేయవచ్చు, రెండు వైపులా సమానంగా తీయాలి. అంతకుమించి తీయవలసి వస్తే లింకు పొడవు ట్రాక్‌ను తిప్పే పళ్ళచక్రం, అంటే స్ప్రాకెట్, పళ్ళతో పొందక వాటిని కొక్కేల్లా అరగదీస్తుంది. అలా ఒకవైపు అరిగిన స్ప్రాకెట్‌ను చాలా వాహనాల్లో కుడిఎడమలు మార్చి బిగించి, అరగని ముఖాన్ని వాడుకోవచ్చు. ట్రాక్ విప్పేటప్పుడు చదునైన గట్టినేల మీద వాహనాన్ని నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, బిగువు పూర్తిగా వదులు చేసిన తరువాతే పిన్ను కొట్టాలి. పిన్నుకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, కళ్ళద్దాలు తప్పనిసరి. టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) ఉన్న వాహనాల్లో కుడి బార్లు, ఎడమ బార్లు వేరు, వాటి చివర గుర్తులు ఉంటాయి. ఆ బారు నున్నని ఒంటిపై చిన్న గాటు పడినా అక్కడే విరుగుతుంది కనుక సుత్తి దెబ్బలు, వెల్డింగు చుక్కలు, ఆకురాయి గీతలు దాని దరికి రానీయకూడదు.

కవచానికి వెల్డింగు చేయవలసిన అవసరం అనుకున్నంత ఎక్కువగా రాదు. వచ్చినప్పుడు మామూలు ఉక్కు అనుకుని చేస్తే, అప్పటికి అందంగా కనిపించిన అతుకు పక్కనే మరుసటి రోజుకు సన్నని చీలిక తేలుతుంది. కవచపు ఉక్కు త్వరగా గట్టిపడే రకం, చేరిన హైడ్రోజన్ దాన్ని చీలుస్తుంది. పలకను ముందు వేడిచేసి, బాగా ఆరబెట్టిన తక్కువ హైడ్రోజన్ రాడ్లతో గానీ, అలాంటి పనికి వాడే స్టెయిన్‌లెస్ రాడ్లతో గానీ చేసి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. అమెరికన్ ఎం3 హాఫ్‌ట్రాక్ పలకలు బయటి ముఖాన్ని ప్రత్యేకంగా గట్టిపరిచినవి, అందుకే వాటిని బోల్టులతో బిగించారు, వాటికి వెల్డింగు జోలికి పోవద్దు. రంగు విషయంలో నా సలహా చిన్నదే. ప్రైమరు పూర్తిగా ఆరాక పలుచని పూతలు వేయండి, మెరుపు లేని రంగునే వాడండి, పాత రంగు నమూనాతో పగటి వెలుతురులో పోల్చి చూడకుండా పేరు చూసి కొనకండి. అల్యూమినియం కవచాన్ని పీడనంతో ఉక్కు రేణువులు చిమ్మి శుభ్రం చేయకూడదు, అవి అందులో ఇరుక్కుని తుప్పుకు విత్తనాలవుతాయి.

తొలి ప్రయాణం ఖాళీ మైదానంలో, పగటిపూట, కనీసం ఇద్దరు తోడుండగా చేయాలి. వారిలో ఒక్కరే చేసైగలు చేయాలి, ఆ ఒక్కరి మాటే డ్రైవరు వినాలి. సైగలు చేసే మనిషి డ్రైవరు కంటికి కనపడనప్పుడు వాహనం ఆగిపోవాలి. వాహనానికీ గోడకూ మధ్య, వాహనానికీ ట్రెయిలరుకూ మధ్య ఎవరూ నిలబడకూడదు. మొదట అడుగడుగునా కదిపి ఆపాలి, బ్రేకు ఒకవైపు లాగుతోందో లేదో చూడాలి. ఫెర్రెట్ లాంటి వాహనాల్లో ఒకే పక్కనున్న ముందు వెనక చక్రాలు గట్టిగా కలిసి తిరుగుతాయి. టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే గట్టి రోడ్డు మీద ఇరుసుల్లో మెలిబిగువు పేరుకుపోయి బెవెల్ పెట్టెలు పగులుతాయి. నాలుగు టైర్లూ ఒకే రకానివి, ఒకే అరుగుదల ఉన్నవి ఉండాలి. గట్టి రోడ్డు మీద దూరం వెళ్ళవలసి వస్తే మధ్యమధ్య మట్టి మీదికి దింపి ఆ బిగువు వదిలించాలి.

పావుగంట నడిపాక ఆపి, ప్రతి చక్రం మధ్యభాగాన్నీ, ప్రతి ఫైనల్ డ్రైవునూ చేతి వెనకభాగంతో తాకి చూడాలి. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ బేరింగో, బ్రేకో పట్టేస్తోంది. చక్రాల నట్లు, ట్రాక్ పిన్నులు మళ్ళీ బిగించాలి, నూనె కారిన చోట్లను సుద్దముక్కతో గుర్తుపెట్టుకోవాలి, ఇవన్నీ తేదీతో, నడిచిన గంటలతో ఒక పుస్తకంలో రాయాలి. షెడ్డుకు చేరాక వాహనపు ఒంటి (హల్) అడుగున నీళ్ళు పోవడానికి ఉన్న ప్లగ్గులు తెరిచే ఉంచి, మూతలు ఒక వేలి మందం తెరిచి, గాలి ఆడే గుడ్డ కప్పాలి. గాలి ఆడని ప్లాస్టిక్ పట్టా వానకన్నా ఎక్కువ తుప్పు తెస్తుంది. తెరిచిన ప్లగ్గులను స్టీరింగుకు కట్టి వేలాడదీసుకోవాలి, అప్పుడు తరువాతిసారి బయలుదేరే ముందు వాటిని బిగించడం మరవరు.